వయసుతో లోకం మారిందా, మన చూపు మారిందా? మీ అనుభవాలు చెప్పండి

నీలిచొక్కా:
నాకు 52. పోయిన వారం ఆఫీసుకి వెళ్లాక తోటి ఉద్యోగిని ఒకావిడ చెప్పారు, రెండు కాళ్లకీ వేర్వేరు సాక్సులు ఉన్నాయని. ఒకటి నలుపు, ఇంకోటి ముదురు నీలం. పొద్దున ట్యూబ్‌లైటు వెలుగులో రెండూ ఒకేలా కనిపించాయి. కిటికీ దగ్గరికి వెళ్లి ఎండలో చూస్తే గానీ తేడా తెలియలేదు. అప్పటినుంచీ ఇదే ఆలోచన. లైట్లు డల్‌గా ఉంటున్నాయని, మనుషులు మాటలు మింగేస్తున్నారని, ఏడాది ఇట్టే అయిపోతోందని ఈమధ్య నేను తరచూ అంటున్నాను. వీటిలో లోకం గురించినవి ఎన్ని, నా గురించినవి ఎన్ని? వయసు పెరిగేకొద్దీ మీకు ఏం మారింది? చిన్నదైనా సరే, చెప్పండి.

కంటిఅద్దం:
కంటి పరీక్షలు చేసే పనిలో 20 ఏళ్లుగా ఉన్నాను. సాక్సుల సంగతి మేం తరచూ వింటాం. కంట్లోని లెన్సు చిన్నప్పుడు తేటగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. అది నీలం వెలుగుని అడ్డుకుంటుంది కాబట్టి ముదురు నీలం నలుపులో కలిసిపోతుంది. దానికి తోడు కంటిపాప చిన్నదవుతుంది. 20 ఏళ్ల కుర్రాడి కంటి లోపలికి చేరే వెలుగులో 60 ఏళ్ల మనిషికి అందేది సుమారు మూడో వంతే. మీకు డల్‌గా ఉన్న గది మీ పిల్లలకి మామూలుగా ఉండేది అందుకే.

ఇది ఎంత నెమ్మదిగా వస్తుందంటే వచ్చినట్టే తెలియదు. శుక్లం ఆపరేషన్ అయి కట్టు విప్పాక "గోడకి కొత్తగా రంగు వేశారా?" అని అడిగినవాళ్లు ఉన్నారు. చిత్రకారుడు క్లోడ్ మోనే సంగతీ ఇంతే. శుక్లాలు ముదిరిన ఏళ్లలో ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి వెళ్లిపోయాయి. 1923లో కుడి కంటికి ఆపరేషన్ అయ్యాక నీలం మళ్లీ కనిపించడం మొదలైంది. చత్వారం అందరికీ తెలిసిందే, లెన్సు మెల్లగా గట్టిపడుతూ వచ్చి 40 దాటాక దగ్గరి అక్షరాలు మసకబారతాయి.

చివరిమెట్టు:
మా అమ్మకి 69. కళ్లద్దాలు సరిగ్గానే ఉన్నాయి, చార్టులో కింది వరస దాకా చదువుతుంది. అయినా ఓ సాయంత్రం మెట్లు దిగుతూ చివరి మెట్టు దగ్గర పడింది, మణికట్టు విరిగింది. "మెట్లు అయిపోయాయనుకున్నానే" అంది. చూసుకోవద్దా అని కంగారులో కోప్పడ్డాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధగా ఉంది. మర్నాడు అదే టైముకి నేను అక్కడ నిలబడి చూశాను. మెట్టుదీ నేలదీ ఒకటే బూడిద రంగు. అంచు ఎక్కడుందో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. తెల్ల కాగితం మీద నల్లక్షరం చదవడం వేరు, బూడిద మీద బూడిద అంచుని పట్టుకోవడం వేరు. ఆ రెండోది చార్టులో బయటపడదు. ప్రతి మెట్టు అంచుకీ పసుపు టేపు అంటించి, పైనా కిందా స్విచ్చులు పెట్టించాం.

చెవొగ్గి:
నాది చెవి సంగతి. 66 ఏళ్లు. మనవరాలికి ఒళ్లు వెచ్చబడితే థర్మామీటరు పెట్టి కూర్చున్నాను. "తాతయ్యా, ఎప్పుడో మోగింది కదా" అంది. మళ్లీ పెట్టాం. ఈసారి చెవికి ఆనించుకున్నా నాకు ఏమీ వినపడలేదు, పాప మాత్రం "ఇదిగో, ఇదిగో" అంటోంది.

అప్పటికే రెండేళ్లుగా ఇంట్లోవాళ్లతో "నోరు తెరిచి మాట్లాడండి" అని గొడవపడుతున్నాను. పరీక్ష చేయిస్తే తేలింది, సన్నటి కీచు శబ్దాలు అందడం లేదని. మాటల్లో అచ్చులు బలంగా ఉంటాయి, అవి అందుతాయి. హల్లులు చాలావరకు పలచన, అవి జారిపోతాయి. "కట్టు" అన్నారో "పట్టు" అన్నారో "తట్టు" అన్నారో తెలియదు. వినపడుతోంది గానీ అర్థం కావట్లేదని పెద్దవాళ్లు అనేది అందుకే. అరిస్తే లాభం లేదు. ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా, కాస్త నిదానంగా చెప్తే చాలు. మిషను పెట్టుకున్న మొదటి రోజు కాగితం మడత చప్పుడు, నా చెప్పుల చప్పుడు అన్నీ ఒక్కసారి మీదపడ్డాయి. తీసి సొరుగులో పడేద్దామనిపించింది. అలవాటు పడడానికి నాకు నెల పైనే పట్టింది. దయచేసి ఓపిక పట్టండి.

పరుగు45:
ఇదంతా మనసులోనే ఉందని నా అభిప్రాయం. రోజూ వ్యాయామం చేస్తూ కుర్రాళ్లతో కలిసి తిరిగితే ఏదీ మారదు.

చెవొగ్గి:
తమ్ముడూ, నేనూ రోజూ 5 కిలోమీటర్లు నడుస్తాను. ఒంటికి మంచిదే. కానీ లోపలి చెవిలో సన్నటి నూగు ఉన్న కణాలు ఉంటాయి, పోయాయంటే మళ్లీ రావు. మనసే అనుకుని నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. మీరలా చేయకండి.

దూరంకూతురు:
చెవొగ్గి గారూ, మీ పోస్టు మా అన్నయ్యకి పంపాను. నాన్న అడిగినదానికి ఇంకేదో చెప్తుంటే మతిమరుపు అనుకున్నాం. చెవి పరీక్ష ఒక్కసారి కూడా చేయించలేదు.

గడియారంముల్లు:
ఏడాది పొట్టిదవడం గురించి. పాల్ జానే అనే ఫ్రెంచి తత్వవేత్త 1877లో ఒక లెక్క చెప్పారు. పదేళ్ల పిల్లవాడికి ఏడాదంటే బతుకులో పదో వంతు, 50 ఏళ్లవాళ్లకి యాభయ్యో వంతు. బాగానే ఉంది గానీ నా అనుభవం ఆ లెక్కకి లొంగదు. 48వ ఏట కొత్త చోటికి, కొత్త ఉద్యోగానికి మారాను. తలుచుకుంటే ఆ ఒక్క ఏడాదీ మూడేళ్లంత ఉంటుంది. ఆ తర్వాతి నాలుగేళ్లూ కలిపినా చెప్పుకోడానికి గుప్పెడు సంగతులు లేవు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో 14 నుంచి 94 ఏళ్లవాళ్లని అడిగారు. పోయిన వారం, పోయిన నెల ఎంత త్వరగా గడిచాయంటే వయసుతో పెద్ద తేడా రాలేదు. పోయిన పదేళ్ల గురించి అడిగినప్పుడు తేడా కనిపించింది. రోజు రోజంతే ఉంటోంది, వెనక్కి తిరిగి చూస్తేనే కురచగా కనిపిస్తోందని నాకనిపిస్తుంది.

ఏడుపదులు:
నాకు 71. అందరూ పోయినవే రాస్తున్నారు. నాకూ పోయినవి ఉన్నాయి. ప్లగ్గు దగ్గర వైరు కాలుతుంటే పక్కింటివాళ్లు తలుపు కొట్టేదాకా వాసన తెలియలేదు, అప్పుడే స్మోక్ అలారం పెట్టించాను. దాహం కూడా సరిగ్గా వేయదు, టైము చూసి నీళ్లు తాగుతాను.

కానీ నలభైల్లో ఎవరైనా ఒక మాట అంటే మూడు రోజులు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు సాయంత్రానికి ఆ పదును పోతోంది. లారా కార్‌స్టెన్సెన్ అనే సైకాలజిస్టు ఏళ్ల తరబడి దీని మీదే పని చేశారు. ముందున్న కాలం తక్కువని తెలిసేకొద్దీ మనిషి మనసుకి దగ్గరైనవాటినే ఎంచుకుంటాడని, చెడు కన్నా మంచి మీదికి ధ్యాస ఎక్కువ పోతుందని ఆవిడ అంటారు. నా విషయంలో అది నిజం. నిన్న మనవడు పెన్సిలుతో "ళ" దిద్దుతుంటే పక్కన కూర్చున్నాను. వంపు తిప్పేటప్పుడు వాడి నాలుక చివర బయటికొస్తుంది, తిప్పడం అయిపోగానే లోపలికి పోతుంది. ప్రతిసారీ అంతే. నా పిల్లలు అక్షరాలు దిద్దినప్పుడూ నేను పక్కనే ఉన్నాను. అప్పుడు ఇలాంటిది ఒక్కటీ చూసిన గుర్తు లేదు.

కంటిఅద్దం:
ఒక్క మాట. పైవన్నీ మెల్లగా వచ్చేవి. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు వచ్చినా, తెర దిగినట్టున్నా, ఒక చెవి హఠాత్తుగా వినపడకపోయినా వయసు అనుకుని కూర్చోవద్దు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నీలిచొక్కా:
అందరికీ థ్యాంక్స్. మా అమ్మకి 78. నా నీలం చొక్కాని "ఆ నల్ల చొక్కా" అంటుంది, అన్నప్పుడల్లా నేను సరిదిద్దుతుంటాను. ఇవాళ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని ఇద్దరం చూశాం. నాకు నీలం. అమ్మ చాలాసేపు చూసి, "నలుపే కదరా" అంది. ఈసారి సరిదిద్దలేదు. వచ్చే మంగళవారం ఇద్దరికీ కంటి పరీక్ష రాయించాను.