అప్‌డేట్: చెరువు లెక్కల గొడవ కోర్టుకెళ్లింది

భీమవరం దగ్గర బాబాయితో కలిసి రొయ్యల చెరువులు చేస్తున్నామని, ప్రతి పంటకీ ఆయన నష్టమే చూపిస్తున్నారని, ఏం చేయాలని మూడు నెలల కింద ఇక్కడ అడిగాను. ఫోరెన్సిక్ ఆడిటర్‌ని, అంటే లెక్కల్లో దాగిన తేడాలు వెతికే ఆడిటర్‌ని, పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. పుస్తకాలు చూసి నకళ్లు తీసుకునే హక్కు 1932 భాగస్వామ్య చట్టం 12వ సెక్షన్ ఇస్తుందని లాయర్ గారు నోటీసు పంపాకే అవి బయటికొచ్చాయి.

పుస్తకంలో కూడికలన్నీ పైసాతో సహా సరిపోయాయి. ఆడిటర్ గారు అక్కడ ఆగలేదు. మేత బిల్లులు, కాటా చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి తేదీలవారీగా చూశారు. ఒక చీటీ మీద పెన్సిల్‌తో 40 కౌంట్ అని ఉంది. అదే రోజు, అదే సరుకు, పుస్తకంలో 70 కౌంట్! కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది; కిలోకి 40 తూగే పెద్ద రొయ్యకి రేటు ఎక్కువ, 70 తూగే చిన్న రొయ్యకి తక్కువ అని మనవైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ చీటీ పట్టుకుంటే చేతులు వణికాయి. నాన్నగారు పోయాక మమ్మల్ని చూసుకున్నది బాబాయే.

అయితే రిపోర్టులో "మోసం" అనే మాట లేదు. తేడా ఎక్కడ, ఎంత అన్నదే ఉంది. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు. 2023 సాక్ష్య చట్టం 39వ సెక్షన్ కింద ఆ రిపోర్టు నిపుణుడి అభిప్రాయం మాత్రమే, క్రాస్ ఎగ్జామినేషన్‌కి ఆడిటర్ గారు నిలబడాలి. వాట్సాప్‌లో వచ్చిన చీటీలు ఎలక్ట్రానిక్ సాక్ష్యం కాబట్టి, వాటికి అదే చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా కావాలట, అందుకే పాత ఫోన్ బీరువాలో పెట్టాను.

లెక్కల కోసం దావా వేశాం. నిన్న పిన్ని ఫోన్ చేసి ఏడ్చింది. పెద్దల ముందు మాట్లాడదామంటే వస్తానన్నాను, రిపోర్టు పట్టుకునే వస్తానన్నాను.