వియన్నా జాతీయ గ్రంథాలయంలోని బరోక్ మందిరం చూసినవారు సలహా ఇవ్వగలరా?

నమస్కారం. జిల్లా గ్రంథాలయంలో 32 ఏళ్లు పనిచేసి పదవీ విరమణ పొందిన మా నాన్నగారిని వచ్చే సెప్టెంబరులో వియన్నాకు తీసుకువెళ్తున్నాను. ఆరవ చార్లెస్ చక్రవర్తి కట్టించిన, ఇప్పుడు ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో భాగమైన ఆస్థాన గ్రంథాలయాన్ని చూడాలన్నది ఆయన చిరకాల కోరిక. దాని రూపశిల్పి ఫిషర్ ఫాన్ ఎర్లాఖ్ 1723లో మరణించగా ఆయన కుమారుడు నిర్మాణాన్ని పూర్తిచేశారు. బరోక్ అనే ఆడంబరమైన అలంకార శైలిలో కట్టిన, దాదాపు 80 మీటర్ల పొడవైన దాని ప్రధాన మందిరంలో సుమారు 2 లక్షల సంపుటాలు ఉన్నాయి.

నాన్నగారి మనసంతా గుమ్మటం కింద ఉన్న, ఆస్ట్రియా సేనాని యూజీన్ యువరాజు పుస్తకాల సేకరణ మీదే ఉంది. ఎరుపు, నీలం, పసుపు రంగుల తోలుతో బైండింగు చేయించిన ఆ 15 వేల పుస్తకాల గురించి ఆయన ఎన్నోసార్లు చెప్పారు. ఊడిపోయిన అట్టలను మైదా జిగురుతో అంటించి, రాత్రంతా బరువు పెట్టి, తెల్లవారగానే వెన్ను మీద వేలితో నిమిరి చూసుకునే మనిషి కనుక, వాటిని ముట్టుకోలేకపోయినా దగ్గరగా నిలబడి చూడాలని ఆశపడుతున్నారు.

ఆయనకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. మందిరం పై అంతస్తులో ఉంది కాబట్టి, మెట్లు ఎక్కకుండా లిఫ్టులో వెళ్లే వీలుందా? లోపల కాసేపు కూర్చోవడానికి బెంచీలు ఉంటాయా? డేనియల్ గ్రాన్ 1730లో పూర్తిచేసిన పైకప్పు చిత్రాలు ఏ వేళ వెలుతురులో బాగా కనిపిస్తాయి? పాత పుస్తకాల సంరక్షణ గురించి అక్కడి సిబ్బందితో ఇంగ్లిషులో పది నిమిషాలు మాట్లాడాలంటే ముందుగా ఎవరిని సంప్రదించాలి? ఈ చివరి ప్రశ్నే నాకు అన్నిటికంటే ముఖ్యం. స్వయంగా వెళ్లి చూసినవారు దయచేసి తెలియజేయగలరు.