నవల కష్టంగా ఉంటుందని ముందే చెప్పాలా, చెప్పకుండా చేతిలో పెట్టాలా?

ప్రశ్న:
మొన్న ఒక స్నేహితురాలు "ఈమధ్య వచ్చినవాటిలో మంచి నవల ఒకటి చెప్పవే" అంటే వెనకా ముందూ చూడకుండా అన్నా బర్న్స్ 'మిల్క్‌మన్' చెప్పాను. 2018లో బుకర్ బహుమతి వచ్చింది, తప్పకుండా చదువు అన్నాను, ఇంకో ముక్క చెప్పలేదు. నలభై పేజీలకే పక్కన పెట్టేసింది. నచ్చలేదంటే బాధ లేదు, "ఇలాంటివి నా బుర్రకి ఎక్కవులే" అంది చూడండి, ఆ మాటే నాకు మింగుడుపడటం లేదు.

అందులో ఎవరికీ పేర్లుండవు. కథ చెప్పే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఆ ఇంట్లో నడిపి పిల్ల, అంతే. ఆమె తిరిగే అబ్బాయి కూడా 'బహుశా బాయ్‌ఫ్రెండ్', వాడికీ పేరు లేదు. ఏ పేరు పెట్టుకుంటే రెండు వర్గాల గొడవల్లో ఏ పక్షమో తెలిసిపోయే ఊరు కాబట్టి అలా రాసింది. పేరాలు పేజీలకు పేజీలు సాగుతాయి. ఈ రెండు ముక్కలూ ముందే చెప్పి ఉంటే ఆగేది కాదేమో అని నా టెన్షన్. మీరైతే చెప్తారా?

జవాబు 1:
నేను చెప్పనండి. కష్టం అని ఒక్కసారి అన్నామంటే చదివేవాళ్ళు మొదటి పేజీ నుంచే ఆ కష్టం కోసం వెతుక్కుంటారు.

నా సంగతి చెప్తాను. హాన్ కాంగ్ 'ద వెజిటేరియన్' నాకిచ్చినాయన దాని గురించి ఏమీ చెప్పలేదు. మొదటి భాగం మొగుడు చెప్తాడు, మాంసం మానేసిన పెళ్ళాం ఆయనకో తలనొప్పి. సరే, తర్వాతి భాగంలో ఆమే మాట్లాడుతుందిలే అనుకున్నా. రెండోది ఆమె అక్క మొగుడి వైపు నుంచి. అయితే చివరిదైనా ఆమెదే అనుకున్నా, అది అక్క వైపు నుంచి! మొదటి భాగంలో వచ్చే ఆ కలల ముక్కల్లో తప్ప ఆమె గొంతు మనకి నేరుగా వినపడదు. ఇప్పుడు మాట్లాడుతుంది, ఇప్పుడు మాట్లాడుతుంది అని నేను ఎదురుచూసిన ఆ ఎదురుచూపే నాకు ఆ నవల. "మూడు భాగాలు, ఒక్కటీ ఆమె చెప్పదు" అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఓహో అలాగా అని తల ఊపి చదివేసేవాణ్ణి.

మీ స్నేహితురాలికి కూడా ఆ పేర్లు లేకపోవడం తనంతట తనకి తట్టాలి కదా.

జవాబు 2:
తట్టేదాకా చదివితేనేగా తట్టేది! నలభై పేజీలకే ఆపేసిన మనిషికి ఎదురుచూపు ఎక్కడిదండీ?

మీరిద్దరూ రెండు వేరు వేరు సంగతులు కలిపేస్తున్నారనిపిస్తోంది. ఏం జరుగుతుందో చెప్పడం వేరు, ఎలా చదవాలో చెప్పడం వేరు. కజువో ఇషిగురో 'నెవర్ లెట్ మీ గో' (2005) గురించి ఎవరు చెప్పినా అందులో వచ్చే స్కూలు పిల్లలు ఎవరో ఒక్క వాక్యంలో చెప్పేస్తారు, అది నిజంగా అన్యాయం, ఎందుకంటే ఆ పిల్లలకి ఎంత తెలుసో మనకీ అంతే తెలుస్తూ పోవాలి, ఆ మసకలోనే నవలంతా ఉంది. అదే సమంతా హార్వే 'ఆర్బిటల్' చూడండి, 2024 బుకర్ దానికే. అంతరిక్ష కేంద్రంలో ఆరుగురు, ఒక్క రోజు, భూమి చుట్టూ పదహారు చుట్లు. నూటయాభై పేజీలు కూడా లేవు. డిటెక్టివ్ నవలలు ఇష్టంగా చదివే మా అన్నయ్యకి ఇచ్చేటప్పుడు "దీంట్లో ఏదో జరగబోతోందని చూడకు, కిటికీ దగ్గర కూర్చున్నట్టు చదువు" అన్నాను. రెండు సాయంత్రాల్లో పూర్తిచేశాడు. ఆ మాట చెప్పకపోతే ఆ కేంద్రం ఎప్పుడు పేలుతుందా అని చూస్తూ కూర్చునేవాడు. ఇది స్పాయిలర్ ఎలా అవుతుంది?

జవాబు 1:
మీ అన్నయ్యకి ఆ మాట పనిచేసింది, ఒప్పుకుంటా. 'కిటికీ దగ్గర కూర్చున్నట్టు' అన్నారు, 'కష్టం' అనలేదు, నాకు కావాల్సిన తేడా అదే. కష్టం అన్న మాట పుస్తకం గురించి ఏమీ చెప్పదు, చదివేవాళ్ళని తక్కువ చేస్తుంది అంతే.

ఇంకోటి, బుకర్ వచ్చింది చదువు అనడం మాత్రం ఎవరమైనా మానేద్దాం. ఆ జడ్జీలు ఏడాదికి నూటయాభై దాకా పుస్తకాలు చదువుతారు, చివరిదాకా నిలిచినవాటిని మళ్ళీ మళ్ళీ చదువుతారు. రెండోసారి చదివితే తెరుచుకునే పుస్తకాలు వాళ్ళ దగ్గర సహజంగానే నిలబడతాయి. మనం చదివేది ఒక్కసారి, అదీ పని అంతా అయ్యాక, నిద్ర కళ్ళతో. బహుమతి పేరు చెప్తే చదవలేకపోవడం తన తప్పే అనిపిస్తుంది ఎవరికైనా. మీ స్నేహితురాలు తన బుర్రని అనుకోవడానికి కారణం ఆ నవల కాదేమో, ఆ బుకర్ మాటే అయ్యుండొచ్చు.

ప్రశ్న వేసినవారు:
అవును, బుకర్ అని నేనే అన్నాను. తను ఏం చదువుతుందో, ఆఖరికి ఏది పూర్తిచేసిందో కూడా అడగలేదు. నిన్న ఫోన్ చేసి అడిగాను. పెద్ద కుటుంబాల కథలంటే ఇష్టమట, ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నట్టు ఉండాలట! అలాంటిది నా దగ్గర ఉండనే ఉంది, గీతాంజలి శ్రీ 'రేత్ సమాధి'. 2018లో హిందీలో వచ్చింది, నేను డైజీ రాక్‌వెల్ ఇంగ్లీషు అనువాదంలో చదివాను. 2022లో దానికీ ఒక బహుమతి వచ్చింది, ఈసారి ఆ ఊసెత్తను.

కథలో తర్వాత వచ్చే సరిహద్దు దాటడం గురించీ చెప్పను. పుస్తకంలో చీటీ ఒకటి పెట్టి పంపుతున్నాను: "మొదటి భాగంలో ఎనభయ్యేళ్ళ ఆవిడ గోడవైపు తిరిగి పడుకునే ఉంటుంది, ఇంట్లోవాళ్ళంతా ఆవిడ వీపుతోనే మాట్లాడుతుంటారు. తొందరపడకు, ఆ మాటలు వింటూ ఉండు. విసుగొస్తే మూసేసి నాకు ఫోన్ చెయ్యి, ఎక్కడ విసుగొచ్చిందో చెప్పు."

చీటీలో ఎక్కువ చెప్పేశానంటారా? రేపు పొద్దున పంపేలోపు చెప్పండి, మారుస్తాను.