అప్‌డేట్: తప్పు పక్షుల గుంపుది కాదు, నాదే

మొన్న అడిగాను కదా, సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఎన్ని బగ్గులున్నాయో అంచనా వేసే గోయల్-ఒకుమోటో మోడల్‌కి పార్టికల్ స్వార్మ్‌తో (పక్షుల గుంపు కలిసి వెతికే తీరును అనుకరించే పద్ధతి) విలువలు వెతికిస్తుంటే మొత్తం బగ్గుల సంఖ్య ఎప్పుడూ గరిష్ఠ హద్దుకే అతుక్కుపోతోందని. 500 పెడితే 500, 5000 పెడితే 5000!

మీరు చెప్పినట్టు ముందు గ్రాఫ్ గీశాను. మొదటి మూడు వారాలు టెస్టర్లు కొత్త, బగ్గులు రెండో మూడో. తర్వాత ఒక్కసారిగా పెరిగాయి. 1979 నాటి ఆ మోడల్ గీత మొదట్లోనే నిటారుగా లేచి, పోనుపోను నెమ్మదిస్తుంది. నా డేటాది ఎస్ ఆకారం. 1983 నాటి యమడా డిలేడ్ ఎస్ మోడల్ పెట్టగానే మొత్తం బగ్గుల అంచనా 142 దగ్గర ఆగింది, పదిసార్లు నడిపినా అంతే. దొరికినవి ఇప్పటికే 118, కాబట్టి నమ్మబుద్ధేస్తోంది.

తేలినీలాపురం కొంగల్ని చూస్తూ పెరిగిన శ్రీకాకుళం వాణ్ణి, పక్షుల్ని అనుమానించాను చూడండి! వైవా గురువారం. టెన్షన్ మాత్రం తగ్గలేదు.