'బేసి తాళం' అనవచ్చా?

ప్రశ్న: లాస్ ఏంజెలెస్ రాక్ బృందం టూల్ ఆల్బమ్‌ల మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. ఐదు, ఏడు, తొమ్మిది లెక్కల ఆవర్తాలు వాళ్ల ప్రోగ్రెసివ్ మెటల్‌కు ప్రాణం. ఇంగ్లీషువారి 'ఆడ్ టైమ్'కు 'బేసి తాళం' అని రాశాను. పెద్దలు ఏమంటారు?

జవాబు: అర్థమవుతుంది కానీ అతకలేదండీ. మూడు కూడా బేసే. మన హైదరాబాద్ తీన్‌మార్ పేరులోనే మూడు ఉంది. నిమజ్జనం రోజున ట్యాంక్‌బండ్ మీద ఆడే కుర్రవాళ్లలో ఒక్కరికైనా అది వింతగా తోచిందా? పైగా ఐదు నడక వేరు, ఏడు నడక వేరు. 'బేసి' అంటే రెంటినీ ఒకే గాటన కట్టేసినట్టే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కర్ణాటక సంగీత కచేరీలు వినేవారిని అడగండి, ఐదైతే ఖండ చాపు తాళం, ఏడైతే మిశ్ర చాపు తాళం అని చటుక్కున చెబుతారు.

2001 నాటి 'లేటరాలస్' ఆల్బమ్‌లో 'స్కిజమ్' ఉంది కదా, అందులో జస్టిన్ ఛాన్సెలర్ బాస్ గిటార్ వరుసకు చేత్తో తాళం వేసి చూడండి. ఒకసారి ఐదు, మరోసారి ఏడు. కలిపితే పన్నెండే, కానీ ఆరూ ఆరుగా తెగదు. చెయ్యి తడబడేదీ, వినబుద్ధి అయ్యేదీ అక్కడే. ఇక ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాటలో పల్లవి తొమ్మిది, ఎనిమిది, ఏడుగా దిగుతుంది. దానికి వాళ్లు మొదట పెట్టుకున్న పేరే '9-8-7'. మన లెక్కలో సంకీర్ణం, చతురశ్రం, మిశ్రం.

మరొకరు: చాపు అనగానే పాఠకుడికి మృదంగం, ఘటం కళ్ల ముందుకొస్తాయి. డ్రమ్ములూ గిటార్లూ ఉన్నచోట 'ఏడు మాత్రల నడక' అంటే చాలదా?

జవాబు: చాలు, హాయిగా ఉంది. రగడలనే మాత్రా ఛందస్సు పద్యాలు రాసేవారికి అలవాటైన మాటే. వృషభగతి రగడ నడిచేది మూడూ నాలుగూ కలిసిన ఏడు మాత్రల మీదే.

ప్రశ్న వేసినవారు: 'లేటరాలస్' పాట చరణంలో పంక్తికి 1, 1, 2, 3, 5, 8 అంటూ అక్షరాలు పెరుగుతాయి. ముందు రెండు సంఖ్యల మొత్తమే తర్వాతి సంఖ్య అయ్యే ఈ వరుసను ఫిబొనాచీ వరుస అనే రాయనా?

జవాబు: రాయండి, పక్కనే హేమచంద్రుడి పేరూ రాయండి. ఇటలీ గణితవేత్త ఫిబొనాచీ పుస్తకం 1202లో వచ్చింది. అంతకుముందే విరహాంకుడు, ఆయన తర్వాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడు అనే మన పండితులు ఛందస్సు కోసం ఈ సంఖ్యలు కట్టారు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. నాలుగు మాత్రలను ఎన్ని విధాల నింపవచ్చు? బడిలో కంద పద్యానికి వల్లించినవే: గగ, భ, జ, స, నల. ఐదు! మూడు మాత్రలకు మూడు, ఐదు మాత్రలకు ఎనిమిది. అలాగని టూల్ మన దగ్గర నేర్చుకుందని మాత్రం రాయకండి, ఆ గొప్పలు మనకొద్దు. వాళ్లు లెక్కపెట్టింది పంక్తిలోని అక్షరాలను, మనవాళ్లు లెక్కపెట్టింది గురులఘువుల అమరికలను.

మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2019 నాటి 'ఫియర్ ఇనాక్యులమ్' ఆల్బమ్‌లో పది నిమిషాలు దాటే పాటలే ఎక్కువ, ఏడు మీద మోజూ ఎక్కువే. నాకు అందులో ముందు లెక్క వినిపిస్తుంది, తర్వాతే పాట. 'లేటరాలస్' అలా కాదు, లెక్క తెలియకపోయినా లాక్కెళుతుంది. వ్యాసం పూర్తయ్యాక ఇక్కడే పెట్టండి. 1996 నాటి 'ఈనిమా' ఆల్బమ్‌ను రెండు వాక్యాల్లో తేల్చేశారో, మీతో తగవు తప్పదు.