తోక రంగు చూసి డాగ్ వయొలెట్ పేరు తేల్చేయొచ్చా?

బీచ్‌తోపు: ఇంగ్లండ్‌లో చిల్టర్న్స్ కొండల్లోని బీచ్ చెట్ల అడవిలో ఏప్రిల్ మొదటి వారం పూసిన వయొలెట్ ఇది. వాసన లేదు, నేలమీద పాకే తీగెల్లేవు, పువ్వు కింద పచ్చగా ఉండే రక్షక పత్రాల కొసలు సూదిగా ఉన్నాయి. కాబట్టి స్వీట్ వయొలెట్ కాదు. మిగిలినవి రెండు: కామన్ డాగ్ వయొలెట్, అంటే రివినియానా, ఎర్లీ డాగ్ వయొలెట్, అంటే రైకెన్‌బాకియానా. పువ్వు వెనక తోకేమో లేత ఊదా. ఎటు వేయాలి?

ఊదాపిట్ట: తోక చాలండీ. రివినియానా తోక లావుగా, తెలుపో మీగడ రంగో ఉంటుంది, కొసన నొక్కు ఉంటుంది. రైకెన్‌బాకియానాది సన్నగా, సూటిగా, రేకులకన్నా ముదురుగా ఉంటుంది, నొక్కు ఉండదు. దాని పై రేకులు ఇరుకు, కుందేలు చెవుల్లా నిక్కుతాయి. రివినియానావి వెడల్పు, ఒకదానిమీదొకటి ఎక్కుతాయి.

కాయచూడు: రివినియానాలో ఊదా తోకవీ ఉంటాయండీ. పైగా ఫోన్ కెమెరా ఊదాను నీలం చేసేస్తుంది, ఫొటోలో రంగును నమ్మలేం. రక్షక పత్రం మొదట్లో కాడవైపుకి చిన్న రెక్కలాంటిది పొడుచుకొస్తుంది. పది రెట్ల లెన్సుతో పక్కనుంచి చూడండి. రివినియానాలో 2-3 మిల్లీమీటర్లు, చివర చదరంగా ఉంటుంది, కాయ ముదిరేకొద్దీ పెరుగుతుంది. రైకెన్‌బాకియానాలో 1 మిల్లీమీటరుకి అటూ ఇటూ, కాయ వచ్చినా పెరగదు. అప్పుడే విచ్చిన పువ్వులో కొలిస్తే రివినియానాది కూడా చిన్నదిగా కనబడి మోసం చేస్తుంది. వేర్వేరు మొక్కల మీద ముదిరిన పూలు నాలుగైదు చూడాలి.

ఊదాపిట్ట: చలిలో మోకాళ్లమీద కూర్చుని అంత కొలతా? లెన్సు లేనివాళ్లు కింది రేకు గీతలు చూస్తే సరి. రివినియానావి పొడుగ్గా సాగి కొమ్మలు చీలతాయి. రెండోదానివి పొట్టి, పెద్దగా చీలవు. అదీగాక ఎర్లీ డాగ్ వయొలెట్ మార్చిలోనే పూత మొదలెడుతుంది.

కాయచూడు: మార్చిలో పూస్తే ఆ మాట కొంత పనికొస్తుంది. ఈయనది ఏప్రిల్, రెండూ పూసే నెల.

సుద్దనేల: రెండూ పక్కపక్కనే పెరిగే చోట ఆ రెండూ కలిసి పుట్టిన బవారికా అనే సంకరం కూడా ఉంటుంది, అన్నిట్లో మధ్యరకం. రివినియానాకి క్రోమోజోములు 40, రైకెన్‌బాకియానాకి 20, సంకరానికి 30. అందుకే దానికి గింజ సరిగా కట్టదు. మే చివర మళ్లీ వెళ్లి కాయలు నొక్కి చూడండి. ఎక్కువభాగం తాలు పోయి ఉంటే సంకరమని అనుమానించాలి. పూలు అయిపోయాయని మానొద్దు, వేసవిలో రేకులు విప్పని మొగ్గల్లోంచే కాయలొస్తాయి. ఇంటికి తెచ్చి చూద్దామని మాత్రం పీకకండి. 1981 చట్టం ప్రకారం భూమి యజమాని అనుమతి లేకుండా బ్రిటన్‌లో ఏ అడవి మొక్కనూ వేళ్లతో పెకలించకూడదు. ఆకులే ఊదాగా ఉంటే అది తోటలోంచి తప్పించుకొచ్చిన రకం. నర్సరీల్లో లాబ్రడోరికా పేరుతో అమ్మేది చాలావరకు రివినియానాయే!

బీచ్‌తోపు: స్కేలు పెట్టి తీసిన ఫొటోలో రెక్క 1.5 మిల్లీమీటర్లు. తోక కొసన నొక్కు లేదు.

ఊదాపిట్ట: నొక్కు లేదంటే ఎర్లీయే.

కాయచూడు: 1.5 దగ్గర ఎటూ తేలదు. కాయ చూసేదాకా రికార్డులో రివినియానా/రైకెన్‌బాకియానా అని రెండూ రాయండి.