షష్టిపూర్తి స్క్రాప్‌బుక్: అసలు ఫొటోలే పెట్టాలా, కాపీలు పెట్టాలా?

మల్లెపందిరి:
పరాభవ నామ సంవత్సరంలో (1966-67) పుట్టినవాళ్లకి 2026-27లో మళ్లీ పరాభవ. ఆ షష్టిపూర్తికి చేత్తో చేసిన ఫొటోల పుస్తకం ఇవ్వాలని ఉంది. ఉన్న సరుకు ఇది: ముప్పై దాకా బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు, 1980ల నాటి పెళ్లి కలర్ ఫొటోలు (ప్లాస్టిక్ పొర లేపి పేజీకి అంటించే ఆల్బమ్‌లో ఉన్నాయి), 90ల నాటి మ్యాక్సీ సైజు ప్రింట్లు వందకు పైనే. నెగటివ్‌లు కొన్నిటికే ఉన్నాయి. అసలు ఫొటో అంటిస్తేనే పుస్తకానికి విలువ అనేవాళ్లూ, అసలు ఫొటో ముట్టుకోవద్దనేవాళ్లూ ఇద్దరూ తగిలారు. ఏది సరైందో కారణంతో చెప్పండి. స్క్రాప్‌బుక్ చేయడం ఇదే మొదటిసారి.

నెగటివ్‌డబ్బా:
కాపీలే పెట్టండి. అంటించిన ఫొటోని మళ్లీ క్షేమంగా ఊడదీయలేం, కారణం అదే. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి. ఆ తడికి ఫొటో వెనక కాగితం ఉబ్బి, ఆరాక అలలు అలలుగా లేస్తుంది. రబ్బరు సొల్యూషన్ కొన్నేళ్లకి గోధుమ రంగు మచ్చగా ముందువైపుకి దిగుతుంది. సెల్లోటేపు పసుపెక్కి, పైపొర రాలిపోయి, జిడ్డు మాత్రం ఫొటో మీదే మిగిలిపోతుంది. పుస్తకాల షాపులో దొరికే చార్టు పేపరు చెక్కగుజ్జుతో చేసింది. అందులోని ఆమ్లం చార్టునీ పెళుసుగా చేస్తుంది, పక్కనున్న ఫొటోనీ పాడుచేస్తుంది. నల్ల చార్టు, ఎర్ర చార్టు అయితే చెమట చెయ్యి తగిలినా రంగు వదులుతాయి.

ఇక స్కానింగ్. ఫ్లాట్‌బెడ్ స్కానరు గాజుని పొడి మెత్తని గుడ్డతో తుడవండి. మ్యాక్సీ ఫొటోకి (4×6 అంగుళాలు) 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) చాలు. అప్పుడు 2400×3600 పిక్సెళ్లు వస్తాయి, టిఫ్ (నాణ్యత తగ్గకుండా దాచే) ఫైలు దాదాపు 26 ఎంబీ ఉంటుంది. పాస్‌పోర్టు సైజు ఫొటోని 1200 దగ్గర స్కాన్ చేస్తే, ప్రింటులో ఐదున్నర బై ఏడు అంగుళాల దాకా పెంచినా చెదరదు. స్కానరులో ఆటో కలర్ ఆపేయండి. రంగులు తర్వాత సరిచేసుకోవచ్చు గానీ, అది ఒకసారి తెల్లగా కొట్టేసిన చీర జరీ మళ్లీ రాదు. ఫొటో వెనకవైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి. ఇంటి ఇంక్‌జెట్‌లో ప్రింటు తీయకండి, మామూలు డై ఇంకు ఒక్క నీటి చుక్కకే కరుగుతుంది. స్టూడియో ల్యాబ్‌లో ఫొటో పేపరు మీద, మ్యాట్ ఫినిష్‌లో వేయించండి. గ్లాసీ ప్రింటు ఎదుటి పేజీకి తొందరగా అతుక్కుంటుంది.

ఇంటిపేరు:
జిగురు గురించి చెప్పింది ప్రతి అక్షరం నిజం. కానీ దాన్నిబట్టి "అసలు ఫొటో వద్దు" అనడం ఒప్పుకోను. శత్రువు జిగురు, పుస్తకం కాదు. నల్ల పేజీలు, మధ్యలో సాలెగూడు డిజైను బటర్ పేపరు, నాలుగు మూలలా కార్నర్లు (ఫొటో మూలల్ని దూర్చే చిన్న కాగితపు త్రికోణాలు) ఉన్న పాత పెళ్లి ఆల్బమ్‌లు చూడండి. వాటిలో బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు ఇవాళ్టికీ నిగనిగలాడుతున్నాయి. అంటించింది కార్నర్లని, ఫొటోలని కాదు గదా.

కాపీలో రానివి కొన్ని ఉంటాయి. స్టూడియో ముద్ర, వెనక తాతగారి దస్తూరీ, పళ్లు పళ్లుగా కోసిన తెల్ల అంచు, దళసరి కాగితం. ఇంకో భయం కూడా ఉంది. కాపీలు పుస్తకంలోకి ఎక్కాక అసలు ఫొటోలు ఒక కవరులో పడి అటకెక్కుతాయి. ఇల్లు మారేటప్పుడు పేర్లు లేని ఆ కవరే ముందు చెత్తలోకి పోతుంది. ఇంట్లో పదిమంది చేతులు మారే పుస్తకం మాత్రం మిగులుతుంది.

నెగటివ్‌డబ్బా:
ఇంటిపేరు గారూ, బ్లాక్ అండ్ వైట్ వరకు కార్నర్లకి నా అభ్యంతరం లేదు. అందులో బొమ్మ ఏర్పడేది వెండితో, సరిగ్గా కడిగిన ప్రింటైతే నిలబడుతుంది. కలర్ ప్రింటులో ఉన్నది డై, అంటే రంగు. చీకట్లో పెట్టినా మెల్లగా తగ్గుతుంది, వెలుతురులో ఇంకా తొందరగా పోతుంది. 70ల, 80ల మొదటి ప్రింట్లు చాలావరకు ఎర్రగా మారింది సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) డై ముందు వెలిసిపోవడం వల్లే. ఆ కలర్ ఫొటోని టీపాయ్ మీద ఉండే పుస్తకంలో పెట్టడమంటే దాని ఆయుష్షు తగ్గించడమే.

కార్నర్లకీ పరిమితి ఉంది. విల్లులా వంగిన పాత ఫొటో కార్నర్లోంచి ఎగిరి బయటికొస్తుంది. బలవంతంగా చదును చేస్తే పైపొర పగుళ్లు బారుతుంది. పేజీ మీద ముత్యాలు, రిబ్బను, గుండీలు అంటిస్తే ఎదుటి పేజీలోని ఫొటో మీద వాటి గుంటలు పడతాయి. అసలు ఫొటో ఉన్న పేజీలో అలంకారం వద్దు.

మల్లెపందిరి:
కార్నర్లు మా ఊళ్లో దొరకడం లేదండీ. పెళ్లి ఫొటోలు ఆల్బమ్‌కి గట్టిగా పట్టేశాయి, గోరుతో లేపబోతే చిరిగేలా ఉన్నాయి. ఏం చేయాలి?

గాజుపలక:
గోరు పెట్టకండి. ముందు ఒక్కో పేజీని ఉన్నదున్నట్టు ఫోనుతో ఫొటో తీయండి. ఏ ఫొటో పక్కన ఏది ఉందో అదీ సమాచారమే, తలంబ్రాలు ముందా అప్పగింతలు ముందా అనేది ఆ వరసే చెబుతుంది.

తర్వాత ప్లాస్టిక్ పొర పూర్తిగా తీసేయండి. మైనం పూయని డెంటల్ ఫ్లాస్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, లేకపోతే సన్నటి పాలిస్టర్ కుట్టుదారం వాడండి. నూలు దారం మధ్యలో తెగుతుంది. రెండు చేతులకీ చుట్టుకుని, ఒక మూల కింద దూర్చి, పేజీకి ఆనించి రంపంలా అటూ ఇటూ లాగుతూ రండి. దారం పైకి లేస్తే ఫొటో మూల విరుగుతుంది. ఫొటోని వంచకండి, అట్టనే కిందికి వంచండి. ఒక్కో ఫొటోకి ఐదు పది నిమిషాలు పట్టినా తొందరపడొద్దు.

దారం ఆగిపోతే, పేజీ వెనకవైపు నుంచి హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో 20, 30 సెకన్లు చూపించి మళ్లీ ప్రయత్నించండి. ఫొటో ముఖం మీద వేడి తగలకూడదు. అప్పటికీ రాకపోతే వదిలేయండి. ఫొటో చుట్టూ అట్టని కట్టర్‌తో కోసి, అట్టతో సహా స్కాన్ చేసి, అట్టతో సహా దాచండి. నీళ్లు, పెట్రోలు, నెయిల్ పాలిష్ రిమూవరు దగ్గరికి రానివ్వొద్దు. ఫ్రేములో గాజుకి అతుక్కుపోయిన ఫొటోకీ ఇదే మాట: లాగితే బొమ్మ గాజు మీదే ఉండిపోతుంది. గాజుతోనే స్కాన్ చేయండి.

కార్నర్లు చేసుకోవచ్చు. సన్నటి గట్టి కాగితం 4 సెం.మీ. × 2 సెం.మీ. ముక్కలుగా కోయండి. పై రెండు మూలల్నీ కింది అంచు మధ్యకి మడిస్తే త్రికోణం వస్తుంది. మడతలున్న వైపు పేజీకి అంటించాలి. ఆ రెండు మడతల మధ్య సన్నని చీలిక ఉంటుంది, జిగురు దాని దాకా రాస్తే అందులోంచి ఊరి ఫొటో వెనక అంటుకుంటుంది. మడతల బయటి సగానికే గ్లూ స్టిక్ రాయండి, ఒక గంట ఆరనిచ్చి అప్పుడు ఫొటో దూర్చండి.

కోస్తాగాలి:
కాకినాడ, విశాఖ లాంటి ఊళ్లవాళ్లు అసలూ కాపీ కంటే ముందు తేమ సంగతి చూడాలి. ఫొటో పైపొర జెలటిన్. తేమకి మెత్తబడి, ఎదురెదురు పేజీల్లో ముఖాలు ఆనుకున్న ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ల్యాబ్ కాపీలకీ ఇదే గతి. ప్రతి రెండు పేజీల మధ్యా ఒక పల్చటి తెల్ల కాగితం ఉండాల్సిందే. ప్లాస్టిక్ కవర్లు వాడాలనుకుంటే పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. ఘాటు వాసనొచ్చే మెత్తటి పీవీసీ వద్దు. పుస్తకం ఎక్కడ పెడతారన్నదీ ముఖ్యమే. అటక మీద వేడి, పూజగదిలో పొగ, బయటి గోడ అలమరలో చెమ్మ. బీరువా మధ్య అర మంచిది, పక్కన సిలికా జెల్ సంచీ ఉంచి రంగు మారగానే మార్చండి.

ఇంటిపేరు:
ఇంత జాగ్రత్త చెప్పి, ఫొటో కింద ఏం రాయాలో ఎవరూ అనలేదు. కింద పేరు లేని ఫొటో రెండు తరాల తర్వాత ఎవరిదో అయిపోతుంది. "పెద్దత్తయ్య" అని రాస్తే ఎవరికి పెద్దత్తయ్య? ఇంటిపేరు, పేరు, ఆడవాళ్లకి పుట్టింటి ఇంటిపేరు కూడా, ఊరు, సంవత్సరం. గ్రూపు ఫొటోకి ఎడమ నుంచి కుడికి, కూర్చున్నవారు, నిలుచున్నవారు అని వరసగా. ఇది పేజీ మీద రాయండి, ఫొటో వెనక బాల్‌పెన్నుతో కాదు. ఆ ఒత్తిడి ముందువైపు గీతలుగా లేస్తుంది, సిరా పక్క ఫొటోకి అంటుతుంది.

తేదీ తెలియని పెళ్లికి శుభలేఖ వెతకండి. సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం ఉంటాయి. "రక్తాక్షి" అని ఉంటే 1984-85. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది గనక 1924-25 కూడా రక్తాక్షే, ఏదో ఫొటోని చూస్తే తెలిసిపోతుంది. శుభలేఖని మాత్రం ఫొటోకి ఆనించి పెట్టకండి. అంచులకి రాసిన పసుపు, కుంకుమ ఫొటోకి అంటుకుంటాయి. పుస్తకంలో కలర్ జిరాక్స్ పెట్టి, అసలుది విడి కవరులో ఉంచండి.

గాజుపలక:
పేజీల కొలత కూడా చెప్పేస్తాను. 12×12 అంగుళాల షీట్లకోసం తిరగక్కర్లేదు. ఏ4 షీటు అడ్డంగా పెడితే 11.7×8.3 అంగుళాలు. ఎడమ అంగుళం బైండింగ్‌కి పోయినా రెండు మ్యాక్సీలు నిలువుగా పక్కపక్కన పడతాయి, కింద రెండంగుళాలు రాతకి మిగులుతాయి. కాగితం 200 నుంచి 250 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి గ్రాములు), పత్తి గుజ్జుతో చేసిన హ్యాండ్‌మేడ్ అయితే మేలు. 20 షీట్లు, 40 పేజీలు. ఫొటోలు 70 దాటనివ్వకండి. ఎంపికే సగం పని: ఒకే ఘట్టానికి ఆరు ఫొటోలుంటే ఒకటే తీసుకోండి.

మొదటిసారి చేసేవాళ్లందరి పుస్తకం ఒకేలా పాడవుతుంది: వీపు (బైండింగ్ వైపు) దగ్గర సన్నగా, ముందువైపు నోరు తెరిచినట్టు ఉబ్బుతుంది. ఫొటోల మందం వీపు దగ్గర లేకపోవడమే కారణం. ప్రతి రెండు షీట్ల మధ్యా వీపు వైపు అదే కాగితంతో అంగుళం వెడల్పు పట్టీలు రెండేసి పెట్టి, రంధ్రాలు వేసి, దారంతోనో బైండింగ్ స్క్రూలతోనో బిగించండి. స్పైరల్ వద్దు, ఈ బరువుకి రంధ్రాల దగ్గర చిరుగుతుంది. పేజీలన్నీ పూర్తయ్యాకే బైండింగ్. కాపీలకి జిగురు అంచుల చుట్టూ రాయండి చాలు. పైన తెల్ల కాగితం వేసి గుడ్డతో మధ్యనుంచి బయటికి ఒత్తండి.

మల్లెపందిరి:
అయితే కలర్ పెళ్లి ఫొటోలకి కాపీలు. 90ల మ్యాక్సీల్లో నెగటివ్ ఉన్నవి అసలువే పెట్టొచ్చా?

నెగటివ్‌డబ్బా:
నెగటివ్ బాగుందని వెలుతురుకి పట్టి చూసుకున్నాక పెట్టండి, కార్నర్లలోనే. నెగటివ్ స్ట్రిప్పులు విడి కవర్లలో, ముట్టుకునేటప్పుడు అంచులు మాత్రమే పట్టుకుని. స్కాన్ ఫైళ్లు ఒక్క ఫోనులో ఉంచకండి. రెండు హార్డ్ డిస్కులు, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర. ఫైలు పేరు "ఐఎంజీ 0457" అని వదలకుండా సంవత్సరం, సందర్భం, ఊరు పెట్టండి. బ్లాక్ అండ్ వైట్‌లో ఒకే ఒక్క ప్రతి ఉన్న ఫొటోలు మాత్రం పుస్తకంలోకి రాకూడదన్నదే ఇప్పటికీ నా మాట.

ఇంటిపేరు:
అక్కడే మనకి కుదరదు. షష్టిపూర్తి దంపతుల పెళ్లినాటి స్టూడియో ఫొటో ఒక్కటైనా అసలుది ఉండాలి. మల్లెపందిరి గారూ, మొదటి పేజీలో దాని కాపీ పెట్టండి. వెనక అట్ట లోపల అదే హ్యాండ్‌మేడ్ కాగితంతో జేబు కుట్టి, అసలు ఫొటోని పల్చటి కాగితంలో చుట్టి అందులో ఉంచండి. జేబు మూత మీద పెన్సిల్‌తో ఆ ఇద్దరి పేర్లు, తారీఖు. చూడాలనుకున్నవాళ్లు చేతులు తుడుచుకుని తీసి చూస్తారు.

నెగటివ్‌డబ్బా:
జేబుకి సరే. మూత ఫొటో కంటే అర అంగుళం పెద్దది పెట్టండి, లేకపోతే తీసేటప్పుడు మూలలు మడత పడతాయి.